ఎల్బీ నగర్ హాల్లో రెండు జతల స్పీకర్లు

"ఎన్ని వాట్లండీ ఇవి?"

వానకు తడిసిన జుట్టును చేత్తో వెనక్కి తోసుకుంటూ అడిగాడు ఆ అబ్బాయి.

సుమలత తలెత్తి చూసింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బట్టల దుకాణానికి పైన రెండో అంతస్తులో ఉంది ఆ స్పీకర్ల షాపు. అన్ని మెట్లెక్కి వచ్చేవాళ్లే తక్కువ. వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది మొదట అడిగేది వాట్ల గురించే.

"అది తర్వాత చెప్తా సార్. ముందుగాల మీ హాలు ఎంతుంటదో చెప్పుర్రి."

"హాలా? నేను స్పీకర్లు కొనడానికి వచ్చానండీ, ఇల్లు అద్దెకివ్వడానికి కాదు."

"ఇల్లు తెల్వకుంట స్పీకర్లు ఎట్ల చెప్పాలె? పొడుగెంత, ఎడల్పెంత? కిటికీలెన్ని? కింద మార్బులా, కార్పెటా? సోఫా జర జరుపుతమంటే మీ ఇంట్ల ఒప్పుకుంటరా?"

"పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరండీ."

"ఎన్ని పెళ్లిచూపులకు పోయిండ్రేంది?"

అబ్బాయి చొక్కా అంచు నుంచి నీళ్లు షాపు కార్పెట్ మీద బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. సుమలత నవ్వు ఆపుకుని ఒక టవల్ అందించింది.

పేరు సాయికుమార్. ఇల్లు ఎల్బీ నగర్. పుట్టింది, పెరిగింది అక్కడే అయినా అమ్మానాన్నలది తాడేపల్లిగూడెం. తండ్రి త్రినాథరావుకు చిన్నప్పటి నుంచి పాటలంటే ప్రాణం. మంచి స్పీకర్లు కొనుక్కుంటానని పాతికేళ్లుగా అంటూనే ఉన్నాడు. పిల్లాడి చదువు, ఇల్లు, ఆ పని, ఈ పని అడ్డం వచ్చాయి. పోయిన నెల రిటైరయ్యాడు. ఇప్పుడైనా కొనకపోతే ఇక ఎప్పటికీ కొనడని కొడుకే బయల్దేరాడు.

సుమలత అతన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి ఒక పాట పెట్టింది. వీణ, వెనక ఒక స్త్రీ గొంతు, జోలపాట. గొంతు రెండు స్పీకర్ల నుంచీ కాదు, వాటి నడుమ ఖాళీ చోటు నుంచి వచ్చింది. అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టే ఉంది.

పాట అయిపోయేదాకా సాయికుమార్ మాట్లాడలేదు. ఇంతకుముందు వచ్చినవాళ్లంతా పాట మధ్యలోనే సౌండ్ పెంచమనేవాళ్లు. ఆ మౌనం సుమలతకు నచ్చింది. తనకు నచ్చిందని ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

"ఇవే తీసుకుంటానండీ," అన్నాడు చివరికి.

"ఇయ్యను."

"అదేంటండీ!"

"ఈ గది గోడలకు నాలుగు దిక్కులా కార్పెట్ కొట్టినం. గిట్ల వినవడ్డది మీ ఇంట్ల గిట్లనే వినవడదు. రెండు జతలు మీ ఇంటికి తెస్తా. వారం ఉంచుకోండ్రి. ఏది కుదిరితే అది. మా షాపుల పద్ధతి గిదే."

*

రెండు వేల పదకొండు, సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు లేక కరెంటు ఇష్టమొచ్చినప్పుడు పోతోంది. ఊళ్లో ఎక్కడ ఇద్దరు కలిసినా, వాళ్లలో ఒకరు కోస్తా నుంచి వచ్చినవాళ్లయితే, "మీరు ఉంటారా, పోతారా?" అన్న మాట పలకరింపులా వచ్చేస్తోంది. అడిగేవాళ్లకు అది మాటే. వినేవాళ్లకు మాత్రం ఆ పూట అన్నం దిగదు.

ట్రాలీ ఆటోలో నాలుగు పెట్టెలు కట్టుకుని, ముందు సీట్లో డ్రైవర్ పక్కన సుమలత, వెనక బైకు మీద సాయికుమార్ బయల్దేరారు. కొత్తపేట దాకా బాగానే వచ్చారు. అక్కడ రోడ్డు మొత్తం పొయ్యిలే. సమ్మె వాళ్ల వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, గుండిగలెక్కించి, బస్తీ బస్తీ కదిలొచ్చి వండుకుంటోంది. ఒక పక్క పాట, ఒక పక్క పప్పు.

పాటే సరిగ్గా వినిపించడం లేదు. మైకు గురగురమని దగ్గి ఆగిపోయింది.

దాన్ని విప్పి కూర్చున్న మనిషిని చూసి సుమలత ఆటో దిగింది. "నాయినా! ఏమైంది?"

ఆయన కొండల్, సుమలత తండ్రి. నల్లగొండ దిక్కు నుంచి ఇరవై ఏళ్ల కింద వచ్చి, చంపాపేట్‌లో మైకు సెట్లు కిరాయికిస్తాడు. సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఆయన మైకుకు పండగ, ఆయనకు పరేషాన్.

"వైరు తెగింది బిడ్డా, ఇగ అతుకుత."

ఇంతలో ఒక కుర్రాడి కన్ను ట్రాలీ మీద పడింది. "కొండలన్నా, గిన్ని పెద్ద డబ్బాలుండంగ పరేషాన్ ఎందుకే? దించుర్రి!"

నలుగురు వచ్చి తాళ్లు విప్పబోయారు. సాయికుమార్ ముఖం పాలిపోయింది.

"ఆగుర్రి అన్నా!" సుమలత పెట్టెలకు అడ్డం నిలబడింది. "ఇవి నాలుగు గోడల నడుమ పాడెటియి. గాలిల పెడితే గొంతే లేవది."

"అవు రా," అన్నాడు కొండల్ వైరు అతుకుతూనే. "మా బిడ్డ షాపు డబ్బాలు ఫారం కోళ్లసొంటియి. బయటికి తెస్తే తట్టుకోవు."

అందరూ నవ్వారు. మైకు మళ్లీ పలికింది. రోడ్డు మాత్రం ఇంకో రెండు గంటలు తెరుచుకోదు. ఎవరో విస్తళ్లు పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టారు.

సాయికుమార్ తల వంచుకుని తింటున్నాడు. అన్నం ఎక్కువై పప్పు తక్కువైంది. అడుగుదామా వద్దా అని రెండుసార్లు గొంతు సవరించుకోవడం సుమలత చూసింది.

"కొంచెం పప్పు వెయ్యండమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ కోస్తా యాసకు వరసలో నలుగురు తలలు తిప్పారు. వడ్డించే పెద్దమ్మ గరిటె ఆపింది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"ఎల్బీ నగర్."

"ఎల్బీ నగరోనివేనా! గట్లయితే గంత మెల్లగ అడుగుతవేంది? జర గట్టిగ అడుగు!" అని విస్తరి నిండా పప్పు గుమ్మరించింది.

సాయికుమార్ సుమలత వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో కాస్త తడి ఉంది. పప్పులో కారం ఎక్కువని ఇద్దరూ అనుకున్నారు.

*

త్రినాథరావు గారి హాలు పొడుగ్గా ఉంది. కింద మార్బుల్, ఒక పక్క మూడు కిటికీలు, ఇంకో పక్క బోసి గోడ. సుమలత హాలు నడుమ నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. టణంగ్‌మని గోడల మధ్య మోగింది.

వంటింట్లోంచి సాయికుమార్ తల్లి ఇందిరాదేవి పరుగున వచ్చింది. "ఏవైందమ్మా? బల్లి పడిందా?"

"కాదాంటీ. గది ఏమంటదో విన్న."

"గది ఏవంటుంది?"

"ఒట్టిగున్న అంటుంది."

త్రినాథరావు పకపకా నవ్వాడు. ఆయన దగ్గర పాతికేళ్ల నాటి ఆంప్లిఫయర్ ఒకటి ఉంది, స్వయంగా రెండుసార్లు విప్పి బాగుచేసుకున్నది. "ఏవమ్మా, ఇది పెద్ద స్పీకర్లను లాగుతుందంటావా? దీన్ని మాత్రం మార్చను."

"మార్చొద్దు అంకుల్. అందుకనే తక్కువ కరెంటుతోని గట్టిగ పలికే టవర్లు తెచ్చిన. దీనికి సరిపోతయి."

ఒక జత మనిషి నడుమెత్తు టవర్ స్పీకర్లు. ఇంకో జత చంకలో ఇమిడే చిన్నవి, స్టాండ్ల మీద పెట్టేవి. బిగింపంతా అయ్యాక సుమలత అద్దం అడిగింది. తను కుర్చీలో కూర్చుని, అద్దాన్ని బోసి గోడ మీద ఆనించి మెల్లగా జరపమని సాయికుమార్‌కు చెప్పింది. కుర్చీలోంచి చూస్తే అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో, గోడ మీద సరిగ్గా అక్కడ తగిలి శబ్దం చెదురుతుంది. అక్కడో పుస్తకాల అలమరో, బొంతో ఉండాలి.

అద్దం జరుగుతోంది. కిటికీ కనిపించింది, ఫ్యాను కనిపించింది. ఆ తర్వాత అద్దం అంచు మీదుగా వంగి చూస్తున్న సాయికుమార్ కళ్లు కనిపించాయి. అద్దం అక్కడే ఆగిపోయింది.

"కనబడుతోందా?" అన్నాడు.

"కనవడాల్సింది స్పీకరు సార్, మీరు కాదు."

"మరి చెప్పరేం? ఇందాకట్నుంచీ చూస్తున్నారు!"

సుమలత చెవులు ఎర్రబడ్డాయి. అదృష్టం బాగుండి ఆ క్షణంలో కరెంటు పోయింది.

కరెంటు వచ్చేదాకా ఇందిరాదేవి టీ ఇచ్చింది. ఇచ్చి, స్పీకర్ల కేసి చూస్తూ నిట్టూర్చింది. "నాకైతే ఆ చిన్నవే చాలమ్మా. మా అన్నయ్య రోజూ ఫోను చేస్తున్నాడు, ఇల్లు అమ్మేసి తాడేపల్లిగూడెం వచ్చెయ్యమని. రేపు నిజంగా వెళ్లాల్సొస్తే చిన్నవి చేత్తో పట్టుకుపోవచ్చు. ఆ పెద్దవి ఎవరు మోస్తారు? గోడకు బొంతలు కట్టి, అలమర్లు జరిపి, అంతా చేశాక పొమ్మంటే?"

"ఎవరూ పొమ్మనలేదు ఇందిరా," అన్నాడు త్రినాథరావు.

"ఉండమనీ ఎవరూ అనలేదుగా!"

త్రినాథరావు టీ కప్పులోకి చూస్తూ అన్నాడు: "సరే. వారం విందాం. పెద్దవి తీసుకుంటే ఇక్కడే ఉన్నట్టు, చిన్నవి తీసుకుంటే మీ అన్నయ్యకు వస్తున్నామని ఫోను చేసినట్టు. ఏది మా హాలుకు మంచిదో సుమలతే చెప్తుంది. ఆవిడ మాటే ఫైనల్."

సుమలత సగం తాగిన టీ కప్పు కింద పెట్టింది.

*

రెండేళ్ల కింద చంపాపేట్‌లో వాళ్ల పక్కవాటాలో కోస్తా నుంచి వచ్చిన ఒక సెటిలర్ల కుటుంబం ఉండేది. వాళ్ల అమ్మాయి, సుమలత ఒకే ప్లేటులో తిన్నారు. ఒక రోజు సుమలత పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి ఆ తలుపుకు తాళం ఉంది. గొడవ లేదు, మాటా మాటా లేదు. వాళ్లంతట వాళ్లే భయపడి వెళ్లిపోయారు. విడిపోయేటప్పుడు కొట్లాడుకుంటేనైనా ఒక కారణం మిగులుతుంది. తాళం కప్ప ఏం చెబుతుంది?

ఆ వారంలో సాయికుమార్ ఏదో ఒక డౌటు పెట్టుకుని రోజూ షాపుకొచ్చాడు. "స్పీకర్లను గోడకు ఎంత దూరం పెట్టాలన్నారు?" అంటాడు. చెప్తే రాసుకుంటాడు. మర్నాడు వచ్చి రాసుకున్న కాయితం పోయిందంటాడు.

"కాయితం పోయిందా, పడేసిండ్రా?"

"పడేస్తే దొరికేస్తుందని జాగ్రత్తగా పోగొట్టానండీ."

నవ్వించేవాడు. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఒకసారి ఆగేవాడు. అతను దిగిపోయాక షాపు గది మరీ నిశ్శబ్దంగా ఉండేది.

ఆ నిశ్శబ్దమే సుమలతను భయపెట్టింది. ఆ హాలుకు టవర్లే సరి అని తన చెవి మొదటి రోజే చెప్పింది. అంత పొడుగు హాల్లో చిన్నవి సన్నబడిపోతాయి. కానీ చెప్పేది చెవేనా? ఈ కుటుంబం ఇక్కడే ఉండిపోవాలని కోరుకుంటున్న మనసు చెవి వెనక చేరి చెప్పిస్తోందా? తన మాట పట్టుకుని వాళ్లు ఉండిపోయి, రేపు ఏదైనా జరిగితే? ఇందిరాదేవి కన్నీళ్లకు ఎవరు జవాబు చెప్పాలి?

వారం చివరి రోజు ముగ్గురూ ఎదురుగా కూర్చుని ఆమె నోటి కేసి చూశారు.

"చిన్నవే తీసుకోండ్రి," అంది సుమలత.

త్రినాథరావు ముఖంలో ఏదో దీపం తగ్గింది. "అలాగేనమ్మా," అన్నాడు అంతే. ఇందిరాదేవి గెలిచింది కదా, సంతోషించాలి. ఆమె కూడా సంతోషించలేదు. ఊరికే కొంగుతో టవర్ మీద లేని దుమ్ము తుడిచింది.

సాయికుమార్ గేటు దాకా వెంట వచ్చాడు. "అబద్ధం చెప్పారు."

"నేనా?"

"వారం రోజులు పాఠం చెప్పారుగా నాకు. చిన్నవాటిలో ఆ జోలపాట పాడే ఆవిడ గొంతు మా హాల్లో సగం దూరం కూడా రావట్లేదు. నాకే తెలుస్తోంది, మీకు తెలీదా? సూటిగా చెప్పండి. మేం వెళ్లిపోతే మీకు నయమా?"

"గట్ల అనకుర్రి."

"మరెలా అనమంటారు?"

సుమలత కళ్ల నిండా నీళ్లు. అతను చూడకుండా తల తిప్పుకుని గబగబా నడిచింది. వాన మొదలైంది. బస్సుల్లేవు. వెనక బైకు స్టార్టయిన చప్పుడు వినిపించింది గాని, ఆమె వెనక్కి తిరగలేదు. ఆ బైకు చంపాపేట్ దాకా, పాతిక గజాల వెనకగా, మెల్లగా నడుస్తూనే ఉంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

ఇంట్లో కొండల్ మైకు తీగలు చుడుతున్నాడు. బిడ్డ ముఖం చూసి తువ్వాల అందించాడు. సుమలత దాచలేదు, అంతా చెప్పింది. ఆ బైకు సంగతి తప్ప.

కొండల్ తీగ చుట్టడం ఆపలేదు. "ఇరవై ఏండ్లాయె నేను మైకు పెట్టవట్టి. పెండ్లికి పెట్టిన, సావుకు పెట్టిన, ఎలచ్చన్లకు పెట్టిన. ఒక్కనాడన్న నా ముచ్చట మైకుల చెప్పిన్నా బిడ్డా?"

"లేదు."

"ఎవలు మాట్లాడితే వాళ్లదే మంచిగ వినవడాలె. గదే మన పని. నువ్వు ఉండుమనుడు గాదు, పొమ్మనుడు గాదు. ఆ ఇంటామెకు వినిపిచ్చు. ఆమెకు చెవుల్లేవా?"

సుమలత తండ్రి కేసి చూసింది. కొండల్ తీగ ముడి వేస్తూ అడిగాడు: "గా బైకు పిలగాడెవలు? నువ్వొచ్చినప్పటి సంది గల్లీ మొగదల నానుతుండు."

*

మర్నాడు మధ్యాహ్నం సుమలత మళ్లీ ఆ గేటు తీసింది. "ఆంటీ, నిన్న నేను చెప్పింది తప్పు. నా మాట ఇడిసిపెట్టుర్రి. మీరు ఒక్కసారి వినుర్రి. అంకుల్ కోసం గాదు, మీ అన్నయ్య కోసం గాదు."

"నాకేం తెలుస్తుందమ్మా!"

"పల్చటి చీరలు రెండున్నయా?"

రెండు వాయిల్ చీరలు తాడు మీద తెరలా కట్టింది. తెర వెనక రెండు జతలూ పక్కపక్కనే పెట్టింది. బ్యాగులోంచి శబ్దం కొలిచే చిన్న మీటర్ తీసింది. గట్టిగా పలికేదే ఎవరి చెవికైనా మంచిగా తోస్తుంది, టవర్లకు ఆ బలం ఎక్కువ. ఆ మోసం జరగకుండా, టవర్లు వచ్చినప్పుడల్లా సౌండ్ ఎంత తగ్గించాలో ఆంప్లిఫయర్ మీద గుర్తు పెట్టుకుంది. ఆ గుర్తును ఒకసారి చెరిపి మళ్లీ పెట్టింది. కొంచెం, వెంట్రుకవాసి ఎక్కువ ఉంచినా ఎవరికీ తెలియదు. ఉంచలేదు.

సాయికుమార్ గుమ్మానికి ఆనుకుని అదంతా చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడతని కళ్లలో నిన్నటి కోపం లేదు.

అదే జోలపాట. ఒక జత, తర్వాత ఇంకో జత. మళ్లీ తారుమారు చేసి. ఇందిరాదేవి మొదట చీరల అంచు చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది, చివరికి కళ్లు మూసుకుంది. మూడోసారికి ఆమె కుడిచెయ్యి ఒళ్లో తనంతట తానే తాళం వేస్తోంది.

"చాలు," అంది. "మొదటిదాంట్లో ఎవరో గేటు బయట నిలబడి పాడుతున్నారు. లోపలికి రమ్మందామనిపిస్తోంది, రావట్లేదు. రెండోదాంట్లో ఆవిడ వచ్చేసింది. ఇదిగో, ఈ సోఫాలో కూర్చుంది. మనింటి మనిషిలాగే ఉంది. నాకు ఆవిడే కావాలి."

సుమలత తెర లాగింది. రెండోది టవర్లు.

ఇందిరాదేవి చాలాసేపు వాటినే చూసింది. ఏడుస్తుందేమోనని త్రినాథరావు లేచాడు. ఆమె ఏడవలేదు. "ఇన్నాళ్లూ నేనే గేటు బయట నుంచున్నానండీ," అంది. "పాతికేళ్లు కాపురం చేసిన ఊరు. ఎవరో ఉండమని పిలవాలా నన్ను? పదండి, ఆ అలమర జరపండి. బొంత నేను తెస్తాను."

త్రినాథరావు పాతికేళ్లుగా వెయ్యి పాటలు విన్నాడు గాని ఇంత మంచి మాట వినలేదు.

రెండడుగులు వేసి ఇందిరాదేవి ఆగింది. "ఏమ్మాయ్, ఇంత తెలిసినదానివి, నిన్న చిన్నవని ఎందుకు చెప్పావ్?"

సుమలత చేతిలోని మీటర్ కేసి చూసింది. "మీరు పోవద్దని నాకుండె ఆంటీ. మస్తుగ ఉండె. అందుకే నా చెవి మీద నాకే అనుమానమొచ్చింది. నా స్వార్థం మీ ఇంట్ల పెట్టి పోతనేమోనని..."

"నీకేం స్వార్థం?"

సాయికుమార్ గుమ్మం వదిలి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "నేనేనమ్మా ఆ స్వార్థం," అన్నాడు. తర్వాత సుమలత వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అవునా కాదా? నాకు కూడా మీరంటే... అంటే, స్పీకర్లు కొన్నా కొనకపోయినా..."

"జర గట్టిగ అనుర్రి. మీ అమ్మకు వినవడాలె."

"నువ్వంటే నాకిష్టం!"

వీధిలో వెళ్తున్న కూరల బండివాడు ఆగి లోపలికి తొంగిచూశాడు. త్రినాథరావు వెళ్లి కిటికీ మూశాడు.

ఇందిరాదేవి కొడుకునూ, ఆ పిల్లనూ మార్చి మార్చి చూసింది. ఆమెకు భయాలు ఎక్కువ. మాట వేరు, వంట వేరు, ఊరు ఊరంతా ఇలా ఉంది. అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తెర వెనక ఆ పిల్ల సౌండ్ గుర్తు చెరిపి మళ్లీ పెట్టడం కూడా ఆమె చీర సందులోంచి చూసింది. తనకు లాభం వచ్చేచోట తూకం సరిచూసుకున్న పిల్ల.

"మీ నాన్నగారి నంబరు చెప్పు," అంది.

ఫోను అవతల కొండల్ కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా? డబ్బాలు ఖరాబైనయా?"

"డబ్బాలు బ్రహ్మాండంగా ఉన్నాయన్నయ్యగారూ. మా వాడు మీ అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. మాకూ ఇష్టమే. మీరేవంటారు?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"నేను మైకు పెట్టెటోన్నమ్మా, నేనేమంట? మా బిడ్డ ఏమన్నది?"

అందరూ సుమలత వైపు చూశారు. ఆమె ఫోను తీసుకుంది. "నాయినా," అంది, "ఇంటికొచ్చి చెప్త."

"బస్సుల్లేవు గద బిడ్డా, ఎట్లొస్తవ్?"

సాయికుమార్ అప్పటికే బైకు తాళాలు తీసుకున్నాడు. ఆ గలగల అవతలికి వినిపించినట్టుంది.

"సరే తియ్," అన్నాడు కొండల్. "ఈసారి గా పిలగాన్ని గల్లీ మొగదల నిలవెట్టకు. ఇంట్లకు తోల్కరా, అన్నం తిని పోతడు."